రోడ్డు కారులో రోల్ కేజ్: ఒక పాత ఎస్టీమ్ విప్పి చూసినప్పుడు

కుడి కణత మీద మూడు కుట్లతో వచ్చాడు ఆ అబ్బాయి. కారు కుడి తలుపు మీద మాత్రం పళ్లెం అంత సొట్ట, అదీ పెద్ద లోతు లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర సర్వీసు రోడ్డు మీద నుంచి వచ్చిన పాల వ్యాను పక్క నుంచి తగిలిందట. వ్యాను వేగం గంటకు ఇరవై, మహా అయితే పాతిక ఉంటుందన్నాడు. తలుపు చూస్తే నాకూ అంతే అనిపించింది. అలాంటి దెబ్బకు మామూలు కారులో మనిషి ఉలిక్కిపడతాడు, దిగి వ్యాను డ్రైవరుతో గొడవ పెట్టుకుంటాడు, పావుగంటలో ఇంటికి వెళ్లిపోతాడు. ఇతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. తలకు తగిలింది తలుపూ కాదు, అద్దమూ కాదు. ప్రాణరక్షణ కోసమని తన డబ్బుతో తాను పెట్టించుకున్న ఇనుప పైపు.

“బాబాయ్, ఈ పైపు మీద ప్యాడింగ్ ఇంకాస్త మందంగా వేస్తే సరిపోతుందా?” అన్నది అతను అడిగిన మొదటి ప్రశ్న. ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇదే మాట గత మూడు నాలుగేళ్లలో ఎంతోమంది అడిగారు. పాత కారు కొని, దానికి రేసు కార్లలో ఉండే బకెట్ సీటు, నాలుగు పట్టీల హార్నెస్ (రేసు బెల్టు), రోల్ కేజ్ (పల్టీ కొట్టినా పైకప్పు కుంగకుండా కారు లోపల బిగించే ఇనుప పైపుల చట్రం) పెట్టించుకుని, దానిలోనే ఆఫీసుకు వెళ్తున్న కుర్రాళ్లు ఎక్కువయ్యారు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. అంతకు ముందు ఆరేళ్లు కోయంబత్తూరులో రేసు కార్లు తయారుచేసే చోట పని నేర్చుకున్నాను. కేజ్ అంటే గిట్టని మనిషిని కాను. మట్టి రోడ్డు ర్యాలీలో మూడు పల్టీలు కొట్టిన కారులోంచి డ్రైవరూ పక్కన కూర్చున్నతనూ హెల్మెట్లు తీసి నడుచుకుంటూ రావడం కళ్లారా చూశాను. ఆ కేజ్‌లో నేను వెల్డింగ్ చేసిన అతుకులు కూడా ఉన్నాయి. అందుకే ఈ కారును చూస్తే కోపం వచ్చింది.

కారు సంగతి

2001 నాటి మారుతి ఎస్టీమ్. అబ్బాయి తండ్రి విశాఖపట్నంలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్నది. ఉప్పుగాలిలో పదిహేనేళ్లు ఆరుబయట నిలబడింది. తండ్రి పోయాక కొడుకు అమ్మలేకపోయాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చూసి వచ్చాక రేసింగ్ పిచ్చి పట్టింది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఏడాదికి రెండుసార్లు తిప్పాలని, మిగతా రోజుల్లో భార్యాబిడ్డలతో తిరగాలని అతని ఆలోచన. వేరే నగరంలో ఒక మోడిఫికేషన్ దుకాణంలో ఎనభై ఐదు వేలు ఇచ్చి ఇవన్నీ పెట్టించాడు. ట్రాక్‌కు ఇంకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. కారు మాత్రం అలా పద్నాలుగు నెలలు ఊళ్లోనే తిరిగింది.

తల, పైపు, మధ్యలో బెత్తెడు

మొదట అతన్ని సీట్లో మామూలుగా కూర్చోమని టేపు పెట్టి కొలిచాను. చెవి పైభాగం నుంచి తలుపు మీదుగా వెళ్లే పైపుకు 11 సెంటీమీటర్లు. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. బకెట్ సీటు వెడల్పు ఎక్కువ కావడంతో దాన్ని మధ్యకు జరపడానికి చోటు చాలక తలుపు వైపు బిగించారు. దాంతో తల పైపుకు ఇంకా దగ్గరైంది.

పైపు మీద ఉన్నది ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల స్పాంజి. రెండు వేళ్లతో నొక్కితే లోపలి ఇనుము చేతికి తగిలింది. రేసు కార్లకు వాడే ప్యాడింగ్ వేరు. అది మోటారు రేసులకు నిబంధనలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ వారి 8857-2001 ప్రమాణానికి పరీక్షించినది, గోరుతో గుచ్చినా లొంగనంత గట్టి నురుగు. అలా ఎందుకంటే దానికి తగిలేది హెల్మెట్. హెల్మెట్ లోపలి పొర కొంత దెబ్బ మింగుతుంది, ఈ గట్టి నురుగు కొంత మింగుతుంది. ఒట్టి తలకు ఆ గట్టి నురుగు కూడా దాదాపు గోడే. అలాగని మెత్తటిది వేస్తే అది నలిగిపోయి ఇనుము తగులుతుంది. అతని మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: ఎంత మందం వేసినా సరిపోదు. కేజ్ అనే వస్తువు లోపల హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఉంటాడని నమ్మి పుట్టింది. మనం హెల్మెట్ పెట్టుకుని కూరగాయల బజారుకు వెళ్లం.

కేజ్ ఉన్నా మనిషి సీట్లో కదలకుండా ఉంటే తల అంత దూరం పోదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది సరైన ప్రశ్నే. అందుకే ఆ రోజు హార్నెస్ ఎంత బిగువుగా ఉందని అడిగాను. కాసేపు నీళ్లు నమిలి, “జంక్షన్‌లో వంగి అటూ ఇటూ చూడాలి కదా బాబాయ్, భుజం పట్టీలు వదులు చేసుకున్నాను” అన్నాడు. అతని తప్పేమీ లేదు. హార్నెస్ బిగిస్తే మనిషి ముందుకు వంగలేడు, టోల్ దగ్గర చెయ్యి చాపలేడు, వెనక్కి తిరిగి చూడలేడు. రోడ్డు మీద దాన్ని ప్రతి ఒక్కరూ వదులు చేసుకుంటారు. మామూలు మూడు బిందువుల బెల్టులో రీలు ఉంటుంది. మెల్లగా వంగితే వదులుతుంది, గట్టిగా లాగితే పట్టేస్తుంది. 1959లో వోల్వో కార్లలో వచ్చిన మూడు బిందువుల బెల్టుకు తర్వాత ఈ రీలు తోడయ్యాకే జనం విసుక్కోకుండా పెట్టుకోగలిగారు. హార్నెస్‌కు ఆ తెలివి లేదు. వదులుగా పెడితే వదులుగానే ఉంటుంది, గుద్దినప్పుడు కూడా.

ఆ రోజు పక్క సీట్లో అతని భార్య ఉన్నారు. ఆ సీటు, బెల్టు కంపెనీవే, మార్చలేదు. ఆమెకు గీత కూడా పడలేదు. దీన్ని నేను రుజువుగా చూపను. దెబ్బ పడింది కుడివైపు, ఆమె కూర్చున్నది ఎడమవైపు.

హార్నెస్

పద్నాలుగు నెలలు ఈ బెల్టుకు అసలైన పరీక్ష రాకపోవడం అదృష్టం. ఎదురుగా గుద్ది ఉంటే ఏమయ్యేదో చెప్పాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. 75 కిలోల మనిషి 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ, కారు ముందు భాగం నలగడం, బెల్టు సాగడం అన్నీ కలిపి 60 సెంటీమీటర్లలో ఆగాడనుకుందాం. సగటున అతని బరువుకు పదహారు రెట్ల పైచిలుకు బలం అతన్ని ఆపాలి. అంటే బెల్టుల మీద దాదాపు టన్నుంబావు. ఇది సగటు మాత్రమే, ఆ క్షణంలో శిఖరం ఇంకా పైన ఉంటుంది. ఎఫ్‌ఐఏ నిబంధనల్లో భుజం, నడుము పట్టీల ఒక్కో పట్టు బిందువు 1470 డెకాన్యూటన్లు, అంటే సుమారు ఒకటిన్నర టన్ను, తట్టుకోవాలని ఉండడం ఊరికే కాదు.

ఈ కారులో భుజం పట్టీలు సీటు వెనక నుంచి దిగి నేరుగా వెనక సీటు అడుగున ఉన్న పాత బెల్టు రంధ్రాలకు వెళ్లాయి. కోణం కొలిస్తే అడ్డంగా గీసిన గీత నుంచి 58 డిగ్రీలు కిందికి. నిబంధన 45కు మించకూడదంటుంది, 10 డిగ్రీలలోపు ఉంటే మంచిదంటుంది. కోణం ఎందుకంత ముఖ్యం? పట్టీ వెనక్కి లాగితే మనిషి ఆగుతాడు. కిందికి లాగితే ఆ బలంలో పెద్ద వాటా వెన్నుపూసలను ఒకదాని మీద ఒకటి అదుముతుంది. తలమీద బస్తా పడ్డట్టే.

పైగా ఇది నాలుగు పట్టీలది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేదు. భుజం పట్టీలు బిగించమని అతనితో చెప్పి నడుము పట్టీని చూస్తూ ఉన్నాను. ఒక్కో లాగుడుకు బకిల్ తుంటి ఎముక మీద నుంచి పొట్ట మీదికి ఎక్కింది. గుద్దినప్పుడు ఆ పట్టీ కిందుగా మనిషి జారిపోతాడు, టన్ను బరువు పేగుల మీద పడుతుంది. కాళ్ల మధ్య పట్టీ వేద్దామంటే సీటులో దానికి రంధ్రమే లేదు. దుకాణంవాళ్లకు ఆ రంధ్రం ఎందుకో తెలిసి ఉంటే ఆ సీటు అమ్మేవాళ్లే కాదు.

ఇక బోల్టులు. సీటు బెల్టు బోల్టులకు చాలా కార్లలో అంగుళాల కొలత ఉంటుంది, 7/16 సన్నమర. మన దగ్గర కారంతా మిల్లీమీటర్లే అయినా ఈ ఒక్కటీ అలాగే మిగిలిపోయింది. వీళ్లు ఆ రంధ్రంలోకి 10 మిల్లీమీటర్ల కంటి బోల్టు దించారు. అది పానా అక్కర్లేకుండా చేతితోనే లోపలికి జారిపోయేంత సన్నం. పట్టు లేదని వాళ్లకూ తెలిసింది కాబోలు, అంచుకు రెండు వెల్డింగు బొట్లు పెట్టారు. ఎడమవైపుది నేను కటింగ్ ప్లేయర్‌తో పట్టి మెలితిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. కుట్లు వేయించుకున్న రోజు కూడా అంత భయపడి ఉండడు.

ఇంకొక విషయం ఇక్కడే చెప్పాలి. అన్నీ సరిగా ఉన్న ఆరు పట్టీల హార్నెస్ కూడా ఒక్క పని చేయలేదు: తలను ఆపలేదు. మొండెం సీటుకు అతుక్కుపోతుంది, తల మాత్రం ముందుకు వెళ్తుంది, ఆ బరువంతా మెడ మోయాలి. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలోని డేటోనాలో చివరి ల్యాప్‌లో గోడను గుద్దుకుని నాస్కార్ రేసు డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ పోయింది పుర్రె అడుగు ఎముక విరిగి. ఈ ఎస్టీమ్ పుట్టిన ఏడాదే అది. రాబర్ట్ హబ్బర్డ్, జిమ్ డౌనింగ్ అంతకు ఇరవై ఏళ్ల కిందటే మొదలుపెట్టిన హాన్స్ అనే మెడ కాపు పరికరాన్ని అప్పటిదాకా ఇబ్బందిగా ఉంటుందని చాలామంది పక్కన పెట్టారు. ఆ చావు తర్వాత నాస్కార్‌లో, 2003 నుంచి ఫార్ములా వన్‌లో తల, మెడ కాపు లేనిదే కారెక్కనివ్వలేదు. ఆ పరికరం హెల్మెట్‌కు తగిలించాలి. మళ్లీ హెల్మెట్ దగ్గరికే వచ్చాం చూడండి.

పైపులు, పాదాలు, తుప్పు

కార్పెట్ ఎత్తగానే ఉప్పుగాలి చరిత్ర బయటపడింది. డ్రైవరు సీటు వెనక, కేజ్ ప్రధాన వంపు (ముందు సీట్ల వెనక కారుకు అడ్డంగా నిలిచే పెద్ద పైపు) పాదం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే అప్పడంలా విరిగి కింద నేల కనిపించింది. పాదం కింద ఉన్న ప్లేటు 5 సెంటీమీటర్ల చదరం, అంటే పాతిక చదరపు సెంటీమీటర్లు. నిబంధన ప్రకారం కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటును బాడీకి వెల్డింగ్ చేసి, దానికి పాదాన్ని 8.8 గ్రేడు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు కనీసం మూడింటితో బిగించాలి. ఇక్కడ బోల్టులు మూడే ఉన్నాయి గానీ, తల మీద గ్రేడు అంకె లేదు, అడుగున ప్లేటుకు బదులు వాషర్లు. కారు పల్టీ కొడితే ఈ కేజ్ పైకప్పును మోయదు. పాదం చదును నేలను చీల్చుకుని కిందికి దిగిపోతుంది. పాదం చుట్టూ అప్పటికే వెంట్రుక మందాన బీట కనిపించింది. గతుకుల్లో వెనక నుంచి టకటకమని శబ్దం వస్తోందని అతను అన్నది ఇదే.

పైపు మందం చూడటానికి కనపడని చోట 5 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. బయటి వ్యాసం 38 మిల్లీమీటర్లు, గోడ మందం 1.6. అన్నీ అదే పైపు. కుర్చీలు, గేట్లు చేసే అతుకు పైపు. ప్రధాన వంపుకు అతుకు లేని, చల్లగా సాగదీసిన ఉక్కు పైపు 45 మిల్లీమీటర్లు, 2.5 గోడ ఉండాలి, లేదంటే 50కి 2. మిగతావాటికి 38కి 2.5, లేదా 40కి 2. వంపులు చూస్తే ఇసుక పోసి గ్యాస్‌తో కాల్చి వంచారు. పై రంగు గీరితే లోపలి అంచున ముడతలు. చల్లగానే వంచాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకూడదు, వంపు దగ్గర గుండ్రం చెడి కోడిగుడ్డు ఆకారం వస్తే చిన్న కొలత పెద్ద కొలతలో 0.9 వంతుకు తగ్గకూడదు. ఇక్కడ కుడి పైమూల వంపు కొలిస్తే 0.8 కూడా లేదు. వెల్డింగు అతుకులను గ్రైండర్‌తో నున్నగా చేసి నల్ల రంగు కొట్టారు. చూడముచ్చటగా ఉన్నాయి. అతుకుకు బలం ఇచ్చే లోహాన్నే అరగదీసి అందం తెచ్చారు.

సీటు గురించి ఎక్కువ చెప్పను. లేబుల్ లేదు. ఎఫ్‌ఐఏ సీటుకు ప్రమాణం అంకె, తయారీ సంవత్సరం ఉన్న లేబుల్ అంటించి ఉంటుంది. 8855-1999 సీటుకు ఆయుష్షు ఐదేళ్లు, 8862-2009 సీటుకు పదేళ్లు. ఇది ఒట్టి ఫైబర్ గుల్ల. పక్క బ్రాకెట్లు అంగుళం వెడల్పు పట్టీ ఇనుము.

వెనక సీటు

ఇదంతా చూశాక కూడా అతను బేరం ఆడాడు. మంచి పైపుతో, మంచి ప్లేట్లతో మళ్లీ చేసివ్వమన్నాడు. చేయగలను. కానీ ఆ మాట నడుస్తుండగా వెనక తలుపు తీసి, మా షెడ్డులో టీ తెచ్చే కుర్రాడి తమ్ముడు, ఆరేళ్ల వాడు ఉంటే వాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టాను. ప్రధాన వంపుకు అడ్డంగా వేసిన పైపు సరిగ్గా వాడి మూతికి ఎదురుగా వచ్చింది. ముక్కుకూ పైపుకూ మధ్య రెండు జానలు. సడన్ బ్రేకు చాలు.

“మీ పాప ఎక్కడ కూర్చుంటుంది?” అని అడిగాను.

సమాధానం చెప్పలేదు. ఆ అమ్మాయికి అయిదేళ్లు. పద్నాలుగు నెలలుగా అక్కడే కూర్చుంటోంది. మంచి పైపు వేస్తే ఈ అడ్డపైపు ఇంకా గట్టిపడుతుంది, అంతే. నిబంధనలకు సరిపోయే కేజ్ వెనక సీటును దాదాపు వాడకుండా చేస్తుంది. రేసు కార్లలో వెనక సీటే ఉండదు కాబట్టి అక్కడ ఆ సమస్య లేదు.

చట్టం సంగతి నేను చివర్లోనే ఎత్తుతాను, ఎందుకంటే దానికి భయపడి మానేసేవాళ్లు తక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. ఈ కారు రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాది మళ్లీ పొడిగించాలి. కేజ్‌తో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెడితే ఏమవుతుందో అతనికే తెలుసు. దానికంటే బీమా కంపెనీ సర్వేయరు నాకు ఎక్కువ గుర్తుకొస్తాడు. కణత మీద కుట్లు కాకుండా ఇంకేదైనా అయి ఉంటే ఆయన మొదట ఫొటో తీసేది ఆ పైపునే.

చేసిన పని

రెండే దారులు పెట్టాను. ఒకటి, ఇది పూర్తిగా ట్రాక్ కారు: వెనక సీటు తీసేయాలి, ట్రైలర్ మీద తీసుకెళ్లాలి, హెల్మెట్, హాన్స్ లేకుండా ఎక్కకూడదు. రెండు, ఇది పూర్తిగా ఇంటి కారు. మధ్య దారి కావాలంటే వేరే షెడ్డు చూసుకోమన్నాను. నాలుగు రోజుల తర్వాత భార్యతో వచ్చాడు. ఆమె ఒక్కటే అన్నారు: “నాన్నగారు నడిపినప్పుడు ఎలా ఉందో అలా చేసివ్వండి బాబాయ్ గారూ.”

కంపెనీ సీట్లు విశాఖలో వాళ్ల ఇంటి అటక మీద ఉన్నాయి. అది మా అదృష్టం. కేజ్ కోసేశాం. నేలలో తుప్పు పట్టిన భాగం మంచి రేకు వచ్చేదాకా కోసి, మిగ్ వెల్డింగుతో కొత్త రేకు ముక్కలు అతికాం, లోపలి బోలు భాగాల్లో మైనపు పూత కొట్టాం. సీటు పట్టాలు కూర్చునే అడ్డదూలం ఒకవైపు సగం తినేసి ఉంది. ఈ పనికే ఆరు రోజులు పట్టింది, ఖర్చులో ఎక్కువ భాగం కూడా ఇదే. పాడైన బెల్టు రంధ్రాలకు మర తీయడం కుదరక, కొత్త నట్టుతో ఉన్న ప్లేట్లు వెల్డింగ్ చేశాం.

డ్రైవరు బెల్టు దుకాణంవాళ్లే పారేశారు. కొత్తది దొరకడానికి పదకొండు రోజులు. మధ్యలో వేరే మోడల్ కారు రీలు ఒకటి చవగ్గా దొరికితే మా మేస్త్రి తెచ్చాడు. పిల్లరుకు బిగించగానే పట్టేసి ఇక వదల్లేదు. రీలు లోపల వాలును పసిగట్టే గుండు ఉంటుంది. అది ఏ కోణంలో కూర్చోవాలో ఆ కారుకే లెక్క వేసి చేస్తారు. తిరిగి ఇచ్చేశాం. పక్క సీటు బెల్టు చూస్తే పట్టీ అంచులు నూలు లేచి ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ల ఎండ. అదీ మార్చాం.

దీనితో ఎస్టీమ్ భద్రమైన కారైందని నేను అనను. దీనిలో ఎయిర్‌బ్యాగ్ లేదు. పక్క నుంచి పెద్ద బండి గుద్దితే ఈ పలచటి తలుపు చేసేది తక్కువే. 2001లో ఎంత ఉందో అంతకు తిరిగి వచ్చింది, అంతే. పాపను తీసుకెళ్లేటప్పుడు వీలైతే మీ భార్య కారు వాడండి అని చెప్పాను. అతనికి నచ్చలేదు, తల మాత్రం ఊపాడు.

కోసిన కేజ్ తూకం వేస్తే 28 కిలోలు. పాత ఇనుము కొట్టులో కిలో ముప్పై రెండు చొప్పున 896 రూపాయలు వచ్చాయి. బిల్లులో తగ్గించాను.

రేసు పిచ్చి మాత్రం తగ్గలేదు, తగ్గాలని నేనూ కోరుకోలేదు. తెనాలిలో కాగితాలు రద్దయిన ఇంకో ఎస్టీమ్ బాడీ దొరికింది, తుప్పు తక్కువ. ఇప్పుడది మా షెడ్డులో స్టాండ్ల మీద ఉంది, రోడ్డెక్కదు. అతుకు లేని పైపు ఆర్డరు పెట్టాం. సీటూ హార్నెస్సూ కొనే ముందు డబ్బు ఇవ్వకుండా లేబుల్ ఫొటో పంపమన్నాను. నిన్న రాత్రి పంపాడు. సెకండ్ హ్యాండ్ సీటు, మంచి కంపెనీ, సగం ధర, 8855-1999 లేబుల్ స్పష్టంగా ఉంది. తయారీ 2017. వద్దని చెప్పాను.